నూట నలభై మూడు జతల పాదాలు

మూడింటికి వస్తానన్న బండి నాలుగైతే గాని రాదని కబురందింది. దాంతో మాస్టారికి ఒక గంట దొరికింది. దొరికింది అనడం మర్యాద, ఆ గంట ఆయన మెడకు చుట్టుకుంది అనడం నిజం. బావ కొట్టులో కిటికీ పక్కన, కాలి కొలతలిచ్చేవాళ్ళు కూర్చునే పొట్టి బల్ల మీద, మోకాళ్ళు గడ్డాన్ని అందుకుంటాయా అన్నట్టు ముడుచుకుని కూర్చున్నారు. చొక్కా జేబులో ఫోను ఉంది. అది నూట ఎనభై గ్రాములకు మించి తూగదని ఆయనకు తెలుసు, అయినా పొద్దుటి నుంచీ చొక్కా ఆ పక్కకే వాలిపోతున్నట్టుంది. ఎదురుగా బావ, అంటే అక్కభర్త, తన కుట్టుమిషనుకు నూనె పెడుతున్నాడు. ఇరవై ఆరేళ్ళు తొక్కిన మిషను, ఇంకో గంటలో పరాయి కొట్టుకు పోయే మిషను. పుల్లకు గుడ్డపీలిక చుట్టి, దాని సందుల్లోకి దూర్చి, పాత జిడ్డంతా తుడిచి, ఒక్కొక్క బొట్టే వదులుతున్నాడు. గోడ పొడవునా కొయ్య పాదాలు మేకులకు వేలాడుతున్నాయి. చెప్పు ఆకారం తేల్చుకోవడానికి చెక్కిన కాలి అచ్చులవి. ఏ రెండూ ఒకేలా ఉండవు. ఒకటి పొట్టి, ఒకటి వెడల్పు, ఒకదాని మడమ ఎత్తు, ఒకదాని వేళ్ళు ఒకదాని మీదొకటి ఎక్కి ఉంటాయి. రెండు పాదాలూ సమంగా లేనివాళ్ళకు జోళ్ళు కుట్టడమే బావ వృత్తి.

"పోయేదానికి నూనెందుకు బావా?"

"కొన్నవాడు మొదటిసారి తొక్కగానే కీచుమందనుకో, వీడేం మనిషిరా అనుకోడూ?" అని, తలెత్తకుండానే, "నువ్వేంటి, పాఠం మర్చిపోయొచ్చిన పంతుల్లా కూర్చున్నావు? మాట్లాడు ఏదైనా. ఇవాళ ఐడియాలేం లేవా?" అన్నాడు బావ.

ఐడియా మాస్టారు. ఇంట్లో ముద్దుగా పెట్టిన పేరే. ముప్పై ఒక్క ఏళ్ళు కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి, ఉద్యోగ విరమణ చేసిన మూడో నెలలోనే ఇంటర్నెట్లో ఎనిమిది వారాల డిజిటల్ మార్కెటింగ్ కోర్సు పూర్తిచేసి, ఆ ధ్రువపత్రాన్ని అచ్చు వేయించి గోడకు తగిలించుకున్న మనిషికి ఆ పేరు అతకక ఏమవుతుంది? ఆ పేరు విని లోలోపల ఎంత పొంగిపోయేవారో తలుచుకుంటే ఇప్పుడు చెవులు వేడెక్కుతున్నాయి. ఎర్రట్ట పుస్తకం నిండా ఐడియాలు, అరవై రెండు, ఒక్కొక్కదాని కింద రెండేసి గీతలు. అందులో పదిహేడోది బావ కొట్టు. ఎముకల డాక్టరొకాయన ఉన్నన్నాళ్ళు రోగులకు ఈ కొట్టు చిరునామా రాసిచ్చేవాడు. ఆయన వేరే ఊరు మారిపోయాక కొట్టుకు కాళ్ళు రావడం తగ్గింది. అప్పుడు, భోజనాల బల్ల దగ్గర, కంచం పక్కకు జరిపి మాస్టారు చెప్పారు: ఒక కాలికి సరిపోయి రెండోకాలిని కరిచే చెప్పులతో ఎన్నాళ్ళు నడుస్తారు? మీ రెండు పాదాలనూ కాగితం మీద గీసి, ఫొటో తీసి పంపండి. రెండు కొలతల్లో ఒకే జోడు కుట్టి ఇస్తాం. అక్క, "ఒరేయ్, నీ బుర్రే బుర్రరా" అంది. బావ తినడం ఆపి, తన అరచేతిని బల్ల మీద బోర్లా పెట్టి దాని చుట్టూ వేలితో గీత గీశాడు, గీత ఎలా వస్తుందో చూసుకుంటున్నట్టు. ఆలోచన మంచిదే. ఇవాళ కూడా, ఈ బల్ల మీద ఇలా ముడుచుకుని కూర్చుని కూడా, దాన్ని మంచిది కాదనలేకపోతున్నారు. చిక్కల్లా ఏమిటంటే, దాని ఫలమంతా ఆ పూటే ఆ బల్ల దగ్గరే ఆయన తినేశారు. అక్క మెచ్చుకుంది, బావ నమ్మాడు, కడుపు నిండిపోయింది. మిగిలింది ఎంగిలి కంచాలు కడిగే పని. అది ఎవరో ఒకరు చేస్తారనుకున్నారు.

ఎవరో ఒకరు కాదు, ఎవరు చెయ్యాలో ఆ రోజే చెప్పిన మనిషి ఒకతి ఉంది. మేనకోడలు, అంటే బావ కూతురు, ఒక ప్రయాణాల కంపెనీలో కూర్చుని పొద్దస్తమానం ఇటువంటి ప్రకటనల పనే చేసే పిల్ల. మొగుడితో పక్క ఊళ్ళో ఉంటుంది. ఫోన్లో మూడే మూడు మాటలు చెప్పింది. "మావయ్యా, ప్రకటన వదిలేముందు, జనం కొలతలు పంపే ఆ ఫారం నువ్వే ఒకసారి నింపి పంపు, ఎక్కడికి పోతుందో చూడు. నింపగానే నాన్న ఫోన్‌కి కబురొచ్చేలా కలుపు, దానంతటది కలవదు. రోజూ పొద్దున్నే తెరిచి చూడు. ఐడియా బ్రహ్మాండం, కాదన్లేదు. మా ఆఫీసులో అలాంటివి డజన్లు పడుంటాయి. పొద్దున్నే తెరిచి చూసేవాళ్ళే దొరకరు." ఆయన ఏమన్నారు? "నువ్వు పుట్టకముందు నుంచీ ప్రయోగాలు చేయిస్తున్నానే అమ్మడూ" అన్నారు. నవ్వుతూనే అన్నారు. ఆ మూడు మాటలనూ ఎర్రట్ట పుస్తకంలో రాసుకున్నారు కూడా, అందమైన చేతిరాతతో. రాసుకోవడం పూర్తికాగానే, ఎందుకో గాని, చేసేసినట్టే అనిపించి పక్కన టిక్కులు పెట్టారు. ఆ టిక్కులు ఇప్పటికీ ఉన్నాయి. పొద్దున వెళ్ళి చూసుకున్నారు. మూడూ ఒకే వాలు, ఒకే సిరా.

బావ మిషను చక్రాన్ని చేత్తో ఒక చుట్టు తిప్పాడు. చప్పుడు లేదు. తృప్తిగా తల ఊపి, అడుగుభాగం తుడవడానికి నేల మీద చతికిలబడ్డాడు. సోమవారం నుంచి ఇతను ఒక గిడ్డంగి గేటు దగ్గర కుర్చీలో కూర్చుంటాడు. వచ్చే లారీల నంబర్లు రాసుకునే ఉద్యోగం. ఈ చేతులు, తోలును వేళ్ళ మధ్య నలిపి ఏ జంతువు వీపో ఏ జంతువు పొట్టో చెప్పగల ఈ చేతులు, లారీల నంబర్లు రాస్తాయి. ఎందుకు? ఎందుకంటే మాస్టారు చెప్పారు గనక. ఇక్కడికొచ్చేసరికి ఆయన తలపు ముల్లు మీద కాలేసినట్టు వెనక్కి తగ్గుతుంది, కాస్త ఆగి మళ్ళీ అక్కడికే వస్తుంది. ఇంటర్నెట్లో ప్రకటన మూడు వారాలు నడిచింది. నాలుగు వేల మంది దానికి హృదయం గుర్తులు పెట్టారు. ఆ అంకె రోజూ చూసుకున్నారు, ఉదయం కాఫీ ముందు, మధ్యాహ్నం కునుకు తర్వాత, స్నేహితులకు చూపించుకున్నారు. కొట్టులో ఫోను మాత్రం మోగలేదు. నాలుగో వారం బావ వచ్చి, "ఎవరైనా అడిగారా?" అన్నప్పుడు, మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, తరగతిలో చెప్పినంత నిబ్బరంగా, "ప్రయోగం చేశాం బావా. ఫలితం ప్రతికూలం. దీన్ని శాస్త్రీయంగా అంగీకరించాలి. ఈ వస్తువుకు గిరాకీ లేదు" అన్నారు. జాతకం చూసేవాడో, అంజనం వేసేవాడో ఆ మాట అంటే బావ నవ్వి ఊరుకునేవాడు. సైన్సు మాస్టారు అన్నారు. నమ్మాడు.

ప్రయోగశాల కిటికీ దగ్గర ఒక అమ్మాయి. ఎన్నేళ్ళ కిందటో. వేడినీళ్ళు చల్లారే ప్రయోగం, రెండు నిమిషాలకొకసారి థర్మామీటరు చూసి రాయాలి. ఆమె రికార్డులో అంకెలు మరీ నున్నగా, మెట్లు దిగినట్టు దిగాయి. చూడకుండా రాసిందని ఇట్టే తెలిసిపోయింది. అందరి ముందూ నిలబెట్టి, చూడకుండా రాసిన అంకె అబద్ధం కంటే హీనమమ్మా, అబద్ధమాడేవాడికి కనీసం నిజమేదో తెలిసి ఉంటుంది, అని ఆ పేజీలు చింపారు. కాగితం చిరిగే చప్పుడు. "సార్, గుంపులో థర్మామీటరు నా దాకా రాలేదు సార్" అని ఆమె గొణిగింది, అది కూడా వినిపించింది, వినిపించనట్టు ఊరుకున్నారు. ఆ పిల్లకు థర్మామీటరు అందలేదు. తనకు? అరచేతిలో, ఫోనులోనే ఉంది. వేలు ఒక్కసారి ఆనించి ఇంకో గడిలోకి వెళ్తే చాలు. దాదాపు తొంభై రోజులుగా పాదరసం అక్కడ నిలబడి ఉంది, చూసే కన్ను లేక.

చూసింది ఈ ఉదయం. అదీ వెతుక్కుంటూ వెళ్ళి కాదు. కొట్టు మూసేస్తున్నారు కదా, ఇంటర్నెట్లో ప్రకటన పేజీ కూడా మూసేద్దాం, పద్ధతిగా ఉంటుంది అనుకుని మూసివేత మీట నొక్కితే, చల్లగా ఒక వాక్యం అడిగింది: మీకు అందిన 143 ఫారాలు ఇంకా తెరవలేదు, తొలగించే ముందు దించుకుంటారా? మొదట అర్థం కాలేదు. తర్వాత యంత్రం పొరపాటనుకున్నారు; తన పొరపాటు అనుకోవడానికి ముందు మనిషి చూసుకునే గుమ్మాలన్నీ వరసగా తట్టారు. తెరిచారు. పాదాలు. లెక్కల పుస్తకం కాగితం మీద పాదాలు, పాత క్యాలెండరు వెనకవైపు పాదాలు, మందుల చీటీ మీద సగం పాదం, మిగతా సగం ఇంకో చీటీ మీద. పెన్సిలుతో, బాల్‌పెన్నుతో, ఒకటి బొగ్గుతో. ఒక జత పక్కన పిల్లెవరో పిల్లిబొమ్మ గీసి, దానికి కూడా బూట్లు తొడిగింది. రోజుకు పన్నెండు గంటలు వార్డులో నిలబడే నర్సొకావిడ రాసింది, కుడి మడమ కింద దూది పెట్టుకుని తిరుగుతున్నానని. ఇంటింటికీ ఉత్తరాలు పంచే ఆమె, ఎడమ చెప్పు కోసం పెద్ద సైజులో ఒక జత, కుడి చెప్పు కోసం చిన్న సైజులో ఒక జత కొనుక్కుని మిగిలిన రెండూ దాచిపెట్టానని, ఎప్పటికైనా తనకు అద్దంలో ప్రతిబింబంలాంటి మనిషి దొరికితే ఇచ్చేస్తానని. పెళ్ళికూతురొకతి తేదీ రాసింది, ఆ ఒక్కరోజు కుంటకుండా నడవాలండి అని. ఆ తేదీ వెళ్ళి నలభై రోజులు. ఇంకొకాయన ఒకే ఫారంలో మూడుసార్లు రాశాడు. మొదటిసారి అరపేజీ. రెండోసారి, "నాది అందిందాండీ?" మూడోసారి, "అక్కర్లేదులెండి."

అక్కర్లేదులెండి. ఇంత చిన్న మాట మీద ఇంతసేపు కూర్చోవచ్చని ఆయనకు తెలియదు.

అక్క టీ తెచ్చింది. మిషను చుట్టూ ఒకసారి తిరిగి చూసి, కొంగుతో దాని చెక్క మీద లేని దుమ్ము తుడిచి, తమ్ముడి చేతిలో గ్లాసు పెట్టింది. "ఏరా, మొహమేంటి అలా పీక్కుపోయింది? పొద్దున తినలేదా? నువ్వేం బాధపడకు. నీ వంతు నువ్వు చేశావు. జనానికే అక్కర్లేకపోతే నువ్వేం చేస్తావు, కాళ్ళు విరిచి పంపిస్తావా?"

"ఆయన విరిచినా మంచి పద్ధతిలోనే విరుస్తాడులే" అన్నాడు బావ మిషను కింద నుంచి.

ఇద్దరూ నవ్వారు. మాస్టారు గ్లాసు కింద పెట్టారు. ఇప్పుడు చెప్పాలి. ఇప్పుడే. వాక్యం సిద్ధంగానే ఉంది. బావా, ఒక సాంకేతిక లోపం వల్ల... కాదు, లోపం యంత్రానిది కాదు. బావా, మనం అనుకున్నట్టు కాకుండా... మనం ఎవరు? బావా, తప్పును గుర్తించడమే శాస్త్రానికి మొదటి మెట్టు... ఛీ. ఉదయం నుంచి ఇటువంటివి పద్నాలుగు తయారుచేశారు, ఒకదాన్ని మించి ఒకటి. వాక్యాలు బాగానే ఉన్నాయి. ఆయన వాక్యాలు ఎప్పుడూ బాగానే ఉంటాయి. నోరు తెరవడం అనే చివరి చిన్నపని మాత్రం మిగిలిపోతోంది. తప్పు ఒప్పుకోవాలన్న ఆలోచన ఎంత గొప్పగా ఉందంటే, ఒప్పుకున్నంత ఊరట అప్పుడే సగం వచ్చేసింది కూడా! ఆ సంగతి గమనించగానే ఆయనకు తన మీద తనకు భయం వేసింది. అంటే ఈ మనిషి ఇంతేనా. అరవై నాలుగేళ్ళూ ఇంతేనా.

అక్క లోపలికి వెళ్ళిపోయింది. గ్లాసు చల్లారింది. పోనీ నిజంగా అంత నష్టం జరిగిందా? ఫారం నింపినవాళ్ళందరూ కొంటారా? పదిమందిలో ఒకడు కొంటే మహా ఎక్కువ. నూట నలభై మూడుకు పద్నాలుగు జోళ్ళు. పద్నాలుగు జోళ్ళతో కొట్టు నిలబడేదా? నిలబడకపోవచ్చు, సంభావ్యత ప్రకారం చూస్తే... మనసు సుద్దముక్క పట్టుకుని బోర్డు దగ్గరికి పరుగెత్తింది. ఆపారు. ఆ ఉత్తరాలామెను పదోవంతు చేస్తే ఏ వేలు మిగులుతుంది? ఇంకో దారి కూడా ఉంది; అది పొద్దుటి నుంచీ జేబులోనే, పిలవకుండానే పలుకుతోంది. తొలగించు అనే మీట. నొక్కక్కర్లేదు కూడా. తొంభై రోజులు దాటిన ఫారాలను ఆ యంత్రమే ఒక్కొక్కటిగా చెరిపేస్తుంది. మొదటిది వచ్చి ఇప్పటికి ఎనభై ఎనిమిది. రెండు రోజులు నోరు మూసుకుంటే చాలు, పాదాలు వచ్చిన వరసలోనే వెళ్ళిపోవడం మొదలవుతుంది, చప్పుడు లేకుండా. ఎవరికి తెలుస్తుంది? పైనుంచి చూసేవాడెవడూ లేడని జీవితమంతా వాదించిన మనిషి ఆయన. ఏ లోకంలోనూ ఎవరూ నిలదీయరని రుజువులతో సహా చెప్పగలరు. అందుకే ఇప్పుడు ఎటు తిరిగినా ఊరట లేదు. చూసేవాడు పైన ఒకడుంటే తప్పును వాడికి అప్పజెప్పి, శిక్షో క్షమో వాడి ఇష్టానికి వదిలి, తాను నిద్రపోవచ్చు. ఎవరూ లేరు గనక ఈ గదిలో ఈ సంగతి తెలిసిన మనిషి ఒక్కడే, అతను తాను. తాను చెప్పకపోతే బావ పాలిట ఆ నూట నలభై మూడు మంది పుట్టనే లేదు.

సందు మొదట్లో బండి హారను మోగింది. బావ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ లేచి నిలబడ్డాడు, నడుం పట్టుకుని.

"బావా, అమ్మొద్దు," అన్నారు మాస్టారు. అది పద్నాలుగింటిలో ఏదీ కాదు. "అంటే, అమ్మేశావులే... నేను చూళ్ళేదు. ఫారాలు. జనం రాశారు. నూట నలభై మూడు మంది. నేను తెరవలేదు."

"ఎక్కడ రాశారు?"

"ఇందులో."

"ఎప్పుడు?"

"అప్పుడే. మొదటిరోజు నుంచీ."

బావ ఫోను తీసుకున్నాడు. చేతిని బారుగా చాపి, కళ్ళు చికిలించి, ఒక పాదం చూశాడు. బొటనవేలితో పైకి తోసి ఇంకొకటి చూశాడు. బండి మనిషి వచ్చి గుమ్మంలో నిలబడితే, చేత్తోనే ఆగమన్నాడు. చాలాసేపు చూశాడు. ఒకచోట పెదవులు కదిలాయి, చదువుతున్నట్టు. అక్క చప్పుడు లేకుండా తలుపు దగ్గరికి వచ్చింది.

"ఎవరూ అడగలేదన్నావుగా."

"అన్నాను."

"ప్రయోగం చేశాం అన్నావు."

"చూడకుండానే అన్నాను బావా."

అరిస్తే బాగుండును. ఫోను నేలకేసి కొడితే ఇంకా బాగుండును. బావ దాన్ని జాగ్రత్తగా మిషను చెక్క మీద పెట్టాడు. "నేను రెండు నెలల పైనుంచీ నా కుట్టు చూసుకుంటున్నానోయ్," అన్నాడు మెల్లగా. "రోజూ. పాత జోళ్ళు విప్పి, ఎక్కడ చెడిందా అని. చెయ్యి వణుకుతోందేమో, కంటికి తెలీట్లేదేమో అని గ్లాసులో నీళ్ళు పోసి పట్టుకుని చూసుకున్నాను, తొణుకుతాయా అని. మీ అక్కక్కూడా చెప్పలా."

"నువ్వట్రా?" అంది అక్క. అంతే అంది. తర్వాత ఆమె మొగుడి చేతుల వంక చూసింది, తమ్ముడి వంక చూడలేదు.

"నేను బండివాడితో మాట్లాడతాను బావా, కొన్నవాడికి ఫోన్ చేద్దాం, నాకొక ఐడి..."

"ఆ మాట నోట్లోంచి ఊడిపడిందంటే చెప్పుచ్చుకు కొడతాను. ఈ కొట్లో వాటికి కొదవ లేదు." బావ గొంతు మొదటిసారి పైకి లేచింది. బండి మనిషి ఒక అడుగు వెనక్కి వేశాడు. "మాటిచ్చాను, మిషను పోతుంది. నువ్వు ఇక్కడే, ఆ బల్ల మీదే కూర్చో. పైనుంచి మొదలుపెట్టి ఒక్కొక్కళ్ళకీ ఫోన్ చెయ్యి. నా ఎదురుగా."

"ఏం చెప్పమంటావు? కుడతామనా?"

"కుడతానో లేదో నాకే తెలీదు. సోమవారం ఆ గేటు దగ్గరికి పోతానో లేదో కూడా తెలీదు. మీరు రాశారు, మేం చూళ్ళేదు అని చెప్పు. అది నిజమేగా? ముందు అంతవరకు చెప్పు."

మాస్టారు కూర్చున్నారు. మొదటి నంబరు మోగి మోగి ఆగిపోయింది. కొలతలు రాసుకునే కాగితాల్లోంచి ఒకటి తీసుకుని, "ఒకటి: ఎత్తలేదు, ఆరింటికి మళ్ళీ" అని రాశారు. చేతిరాత అంత అందంగా రాలేదు. గుమ్మం దగ్గర ఇద్దరు మనుషులు మిషనుకు రెండువైపులా వంగారు. బావ వెనక్కి వెనక్కి నడుస్తూ, "నెమ్మది, గోడకు తగలనీకండి, ఇటు, ఇటు" అంటున్నాడు. రెండో నంబరు నొక్కారు. మగగొంతు, విసుగ్గా, "ఎవరూ?" అంది. చెప్పారు. "ఏ చెప్పులు? ఓ, అదా. అమ్మ కాళ్ళు గీసి పంపాను, అవును. ఎప్పటి మాటండీ అది! అమ్మ ఇప్పుడు గడప దాటట్లేదు." "మీరు రాశారు, నేను చూళ్ళేదండీ. తప్పు నాది" అన్నారు. "నాకు చెప్తే ఏం లాభం? రోజూ అడిగేది, చెప్పులవాళ్ళు ఏమన్నార్రా అని. ఉండండి, ఆవిడకే చెప్పండి. అమ్మా! చెప్పులవాళ్ళట! ... వద్దు, నువ్వు లేవకు, నేనే తెస్తున్నా..." కుర్చీ జరిగిన చప్పుడు. ఆమె లేచినట్టుంది. అడుగులు, ఒకటి బరువుగా ఆనుతోంది, రెండోది నేలను ఈడ్చుకుంటూ వస్తోంది, రెండింటికీ మధ్య ఒక ఆగడం ఉంది. మాస్టారు ఫోనును చెవికి అదిమిపెట్టుకుని, వాక్యమేదీ సిద్ధం చేసుకోకుండా, ఆమె వచ్చేదాకా వింటూ కూర్చున్నారు.